పొలం ఒకటి, ఫొటో ఒకటి: పచ్చదనం ఎక్కడ మారుతోంది?

సంక్షిప్తంగా: పొలం ఫొటోలో కనిపించే రంగును వెలుతురు, కెమెరా, ఎడిటింగ్ మూడూ కలిసి తేలుస్తాయి. మొదటి మార్పులు బటన్ నొక్కిన క్షణంలోనే, తీసినవారి ప్రమేయం లేకుండా జరిగిపోతాయి. అందువల్ల ఫొటోను ఎడిట్ చేశారా లేదా అని అడగడం కంటే, పంట గురించి ఆ ఫొటో చెప్పే సమాచారం మార్పుల తర్వాత మిగిలిందా లేదా అని చూడటం ఎక్కువ ఉపయోగం.

నాట్లు పూర్తయి చేలు పచ్చబడే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గోదావరి డెల్టా ఫొటోలు సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తుతాయి. ఒకే చేనును ఒకే గట్టు మీద నిలబడి ఇద్దరు రెండు వేర్వేరు ఫోన్లతో తీస్తే, ఒకదానిలో వరి చిలకపచ్చగా, మరొకదానిలో నీలం కలిసిన ముదురు పచ్చగా వస్తుంది. ఎవరిది అసలు రంగు అన్న వాదన అక్కడే మొదలవుతుంది. కొందరు ‘ఫిల్టర్ వాడారు’ అంటారు, ఫొటో పెట్టినవారు ‘ఉన్నది ఉన్నట్టే పెట్టాం’ అంటారు. ఇద్దరూ తమకు తెలిసినంతలో నిజమే చెబుతుంటారు. ఫోను మాత్రం ఎవరినీ అడగకుండా తన పని తాను చేసి ఉంటుంది.

కెమెరా లోపలి ఎడిటింగ్

డిజిటల్ కెమెరా సెన్సర్‌కు సొంతంగా రంగు తెలియదు. పడిన వెలుతురు ఎంతో కొలవడమే దాని పని. రంగు తెలియడానికి ప్రతి బిందువు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుపొరల్లో ఏదో ఒకటి ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన ఈ అమరికలో సగం బిందువులు ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మనిషి కన్ను పగటి వెలుతురులో ఆకుపచ్చ ప్రాంతానికే ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి ఈ పక్షపాతం కావాలనే పెట్టినది. ప్రతి బిందువు దగ్గర మిగతా రెండు రంగులను కెమెరా చుట్టుపక్కల బిందువులను బట్టి లెక్కగడుతుంది. అంటే ఫొటోలోని రంగుల సమాచారంలో మూడింట రెండు వంతులు కొలిచినది కాదు, అంచనా వేసినది.

ఆ తర్వాతి మెట్టు వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు ఎలాంటిదైనా తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిచేసే లెక్క. పొలం ఫొటోలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దృశ్యంలోని రంగులన్నింటి సగటు బూడిద రంగుకు దగ్గరగా ఉంటుందన్నది ఈ లెక్కకు పాత ఆధారం. వీధికి, ఇంటికి, మనుషుల గుంపుకు అది బాగానే సరిపోతుంది. ఫ్రేమంతా వరిచేను నిండినప్పుడు మాత్రం సగటు ఆకుపచ్చ వైపు ఒరుగుతుంది. వెలుతురులోనే ఏదో దోషం ఉందని కెమెరా భావించి, దానికి విరుగుడుగా గులాబీ ఛాయ కలుపుతుంది. పచ్చదనం వడలిపోతుంది, గట్టు మీది మట్టి ఊదారంగుకు తిరుగుతుంది. అనంతపురం వైపు వేరుశనగ చేలలో ఇదే లెక్క ఇంకోలా తప్పుతుంది. అక్కడ మొక్క పొట్టిది, సాళ్ల మధ్య ఎర్రమన్ను బాగా కనిపిస్తుంది. ఆ ఎరుపును తగ్గించబోయి కెమెరా మొత్తం ఫొటోను చల్లబరుస్తుంది, అంటే నీలం వైపు జరుపుతుంది. కొత్త ఫోన్లు దృశ్యమేమిటో గుర్తించి కొంత సరిదిద్దుకుంటున్నాయి గానీ, ఫ్రేములో ఒకే రంగు ఆక్రమించినప్పుడు తడబాటు పూర్తిగా పోలేదు.

మూడో మెట్టు వెలుగునీడల సర్దుబాటు. ఫోన్లు ఇప్పుడు ఒక్క ఫొటో తీయవు. ఒకే క్షణంలో అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి, ఆకాశం తెల్లగా పోకుండా, చెట్ల కింది నీడ నల్లగా మిగలకుండా సర్దుతాయి. బంధువుల ముఖాలకు ఇది వరమే. పొలానికి వచ్చేసరికి నష్టం కూడా ఉంది. దుక్కి చాళ్ల లోతును, వరి కుదుళ్ల మధ్య సందును చూపించేది నీడే. ఆ నీడ తేలిపోతే చేను చాప పరచినట్టు చదునుగా కనిపిస్తుంది. చదునైన ఫొటోకు జీవం పోయాలని తీసినవారు శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు. రంగు ఎబ్బెట్టుగా ఉన్న చాలా ఫొటోల వెనుక ఉన్న వరుస ఇదే: ముందు ఫోను నీడ తీసేసింది, తర్వాత మనిషి రంగు పోశాడు.

దీన్ని తప్పించుకోవడానికే, సెన్సర్ కొలిచినదాన్ని దాదాపు అలాగే దాచే రా ఫార్మాట్ వాడతారు. ఫోన్లు మామూలుగా ఇచ్చే జేపెగ్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లదైతే 16,384. వైట్ బ్యాలెన్స్‌ను అందులో తర్వాత తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. అయితే రా ఫైలు ‘నిజమైన ఫొటో’ అనుకోవడం పొరపాటు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఏదో ఒక రంగుల పట్టికతో దాన్ని తెర మీదకు తేవాలి. ఒకే రా ఫైలును రెండు సాఫ్ట్‌వేర్లలో తెరిస్తే రెండు పచ్చదనాలు కనిపిస్తాయి.

ఆకు మీద మెరుపు

ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుని ఆకుపచ్చను కొంత వెనక్కి పంపుతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని ఆకు లోపలి కణాల అమరిక అంతకంటే ఎన్నో రెట్లు వెనక్కి పంపుతుంది. ఉపగ్రహాలు పంట ఆరోగ్యాన్ని అంచనా వేసేది ఈ తేడాతోనే. మామూలు కెమెరాల్లో పరారుణాన్ని అడ్డుకునే పొర ఉంటుంది కాబట్టి, పంట గురించి ఆకు చెప్పే సంగతుల్లో ముఖ్యమైన భాగం ఫొటోకు చేరనే చేరదు.

చేరిన భాగంలోనూ కల్తీ ఉంటుంది. ఆకు పైపొర నునుపుగా ఉండి ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. మిట్టమధ్యాహ్నం వరిచేను తెల్లబారినట్టు కనిపించడానికి కారణం ఆ మెరుపే. సూర్యుడు ఫొటో తీసేవారి వెనుక ఉంటే ఆకు మీద పడి తిరిగివచ్చిన వెలుతురు కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే ఆకును చీల్చుకుని వచ్చిన వెలుతురు కనిపిస్తుంది, అందులో పసుపు పాలు ఎక్కువ. గట్టు మీద వెనుదిరిగి నిలబడితే చాలు, అదే చేను మరో రంగుకు మారుతుంది.

ఈ సంగతి ఫొటోగ్రాఫర్ల కంటే వ్యవసాయ శాస్త్రానికే ఎక్కువ పట్టింది. వరికి యూరియా ఎప్పుడు వేయాలో తేల్చుకోవడానికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగు పట్టిక ఉంది. పసుపు కలిసిన లేతపచ్చ నుంచి ముదురు పచ్చ వరకు పట్టీలుండే ప్లాస్టిక్ బద్ద అది. ఆకును దాని మీద ఉంచి, ఏ పట్టీతో సరిపోలిందో చూసి నత్రజని అవసరాన్ని నిర్ణయిస్తారు. వాడే పద్ధతిలో కొన్ని కచ్చితమైన షరతులున్నాయి: ఎండ నేరుగా పడకుండా చూసేవారి ఒంటినీడలో చూడాలి, ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు చూడాలి, వీలైతే ఒకే మనిషి చూడాలి. వెలుతురు మారితే పచ్చ మారుతుందని, చూసే కన్ను మారితే తీర్పు మారుతుందని ఆ షరతులు ఒప్పుకుంటున్నాయి. పంట ఫొటోలను వారం వారం పోల్చి చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి నియమావళి కెమెరా పుస్తకాల్లో దొరకడం కష్టం.

మెరుపును తగ్గించే సాధనం పోలరైజర్ ఫిల్టర్. కటకం ముందు దాన్ని తిప్పుతూ పోతే ఒక కోణంలో ఆకుల తెల్లదనం తొలగి అసలు పచ్చ బయటపడుతుంది. ఎడిటింగ్‌లో దీనికి సమానమైన మీట లేదు. ఆకాశపు ప్రతిబింబం కప్పేసిన రంగును సాఫ్ట్‌వేర్ ఊహించగలదే తప్ప వెలికితీయలేదు. కాకపోతే పోలరైజర్ నీటి మీది ప్రతిబింబాన్నీ తుడిచేస్తుంది. నాట్లు పడిన కొత్తలో చేనులో పచ్చ కంటే నీళ్లే ఎక్కువ, ఆ నీళ్లలోని ఆకాశమే ఫొటోకు ప్రాణం. అక్కడ ఫిల్టర్ తిప్పితే మిగిలేది బురద. వానాకాలపు మబ్బు కూడా ఒక రకమైన ఫిల్టరే. మబ్బు పట్టిన రోజు వెలుతురు అన్ని వైపుల నుంచీ సమంగా పడి, మెరుపు తగ్గి, ఆకు రంగు నిండుగా వస్తుంది. కానీ ఆకాశం నేల కంటే ఎన్నో రెట్లు వెలుగుతూ తెల్లగా మిగులుతుంది. అలాంటి రోజున ఫ్రేములో ఆకాశానికి చోటు తగ్గించడం ఏ ఎడిటింగ్ కంటే తేలికైన ఉపాయం.

చదునైన డెల్టా, గుట్టల తెలంగాణ

గోదావరి డెల్టాను ఫొటో తీయడంలో ఇబ్బంది దాని చదునుతనమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద విస్తరించిన ఈ వరి మైదానంలో ఎక్కి చూడటానికి ఎత్తైన చోటు దొరకదు. కంటి ఎత్తు నుంచి తీస్తే వంద ఎకరాలు కూడా ఫొటోలో సన్నని పట్టీగా కుదించుకుపోతాయి. ఫోన్ల ప్రధాన కటకం విశాల కోణానిది కావడంతో దూరపు కొబ్బరిచెట్లు మరీ చిన్నవవుతాయి. కాలువ గట్టు, వంతెన, ఇంటి డాబా లాంటివి వెతుక్కోవాలి, లేదా దూరంగా జరిగి జూమ్ కటకంతో తీయాలి. అప్పుడు చేలు, చెట్లవరుస, గుడి గోపురం ఒకదాని వెనుక ఒకటి దగ్గరగా పేర్చినట్టు వస్తాయి. తెలంగాణలో చెరువు కట్టలు, గుట్టలు ఆ ఎత్తును ఉచితంగా ఇస్తాయి. చెరువు, దాని కింది ఆయకట్టు ఒకే ఫ్రేములో పడతాయి.

డ్రోన్లు డెల్టా సమస్యను తీర్చాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి కిందకు వస్తాయి. ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వేదికలోని పటంలో చూసుకోవాలి. పై నుంచి తీసిన ఫొటోల్లో గట్ల గీతలు, నీటి దారులు, నాటు యంత్రం వేసిన వరుసలకూ కూలీలు వేసిన నాట్లకూ తేడా స్పష్టంగా తెలుస్తాయి. కానీ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఎగరేస్తే నేల రంగుల పటంలా కనిపిస్తుంది. నీరెండ వేళ పడే పొడవాటి నీడలే పై నుంచి చూసినా ఎత్తుపల్లాలను చూపిస్తాయి.

పసుపు మీట, ఎరుపు ఉచ్చు

రంగులను విడివిడిగా సర్దే హెచ్‌ఎస్‌ఎల్ పట్టిక ఇప్పుడు ఉచిత యాప్‌లలోనూ దొరుకుతోంది. పొలం ఫొటో తెరిచి ఆకుపచ్చ మీటను జరిపినవారికి తరచూ ఆశ్చర్యం ఎదురవుతుంది: పెద్దగా ఏమీ మారదు. పంట, గడ్డి, చెట్ల ఆకులు కంటికి ఎంత పచ్చగా ఉన్నా, సాఫ్ట్‌వేర్ లెక్కలో వాటి రంగు చాలావరకు పసుపు విభాగంలోకి వస్తుంది. కాబట్టి పచ్చదనాన్ని నిజంగా కదిలించేది పసుపు మీట. దాన్ని ఆకుపచ్చ వైపు జరిపితే చేను ఒక్కసారిగా నిగనిగలాడుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. కోతకు వచ్చిన వరి కంకి పసుపే. నారుమడి లేతదనం, నాటిన కొత్తలో మొక్క తేరుకోకముందు కనిపించే పాలిపోయిన ఛాయ, నత్రజని లోపంతో పండుబారిన కింది ఆకులు, అన్నీ పసుపులోనే ఉన్నాయి. మీట ఒక్కటే, అది వీటిని విడదీయలేదు. పిలక దశలో ఉన్న చేనూ, పాలు పోసుకుంటున్న చేనూ, తెగులు పట్టిన చేనూ ఒకే ముదురు పచ్చలో కలిసిపోతాయి. చూసేవారికి అందంగానే ఉంటుంది, వ్యవసాయం తెలిసినవారికి మాత్రం ఆ ఫొటో ఏ నెలలో తీసిందో కూడా అంతుపట్టదు. అరకు ప్రాంతంలో శీతాకాలం మొదట్లో పూసే వలిసె పూల ఫొటోలకు ఇదే మీట మరింత అన్యాయం చేస్తుంది. పువ్వు, ఆకు రెండూ దాని పరిధిలోవే. ఆకును చక్కదిద్దబోతే పువ్వు నిమ్మకాయ రంగుకు పోతుంది. ఇలాంటి చోట మొత్తం ఫొటోకు ఒకే మార్పు చేయకుండా, మాస్క్ గీసి ఆకుల భాగాన్ని విడిగా సర్దడమే పద్ధతి. శాచురేషన్‌కు బదులు వైబ్రెన్స్ వాడటమూ కొంత మేలు, అది ఇప్పటికే గాఢంగా ఉన్న రంగుల జోలికి తక్కువగా పోతుంది.

ఎరుపు సంగతి వేరు. పల్నాడు, గుంటూరు ప్రాంతాల్లో మిర్చి కళ్లాల ఫొటోలు కొట్టొచ్చినట్టు ఉంటాయి గానీ, దగ్గరగా చూస్తే చాలా వాటిలో కాయలు విడిగా కనిపించవు, ఒకే ఎర్రటి ముద్ద ఉంటుంది. మామూలు తెరలు చూపగల రంగుల పరిధి కంటే ఎండలోని ఎండుమిర్చి ఎరుపు గాఢమైనది. ఎరుపు కొలత గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతుంది, కాయ వంపును చూపించే ఛాయలన్నీ ఒకే సంఖ్యగా మారతాయి. ఒకసారి అలా పోయిన వివరం జేపెగ్‌లో తిరిగి రాదు. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ (సెన్సర్‌కు చేరే వెలుతురు) కొద్దిగా తగ్గించడం, ఎడిటింగ్‌లో ఎరుపు శాచురేషన్‌ను పెంచకుండా కాస్త దించడం దీనికి మందు. మిర్చి వ్యాపారంలో రంగు అంటే ధర. తెల్లబారిన తాలు కాయల పాలును బట్టి రేటు మారుతుంది. ఫోను తనంతట తాను ఎరుపు పెంచిన ఫొటోలో తాలు కాయ సగం దాక్కుంటుంది. సరుకు ఫొటోను వాట్సాప్‌లో చూసి బేరం మొదలుపెట్టే రోజుల్లో ఇది ఫొటోగ్రఫీకి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

మంచును తుడిచేస్తే

డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొలాల మీద కప్పుకునే పొగమంచు కెమెరాలో వెలుతురును కొలిచే మీటరును మోసగిస్తుంది. తెల్లటి దృశ్యాన్ని అది మధ్యస్థ బూడిద రంగుకు దించుతుంది కాబట్టి మంచు మురికిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ కొంత పెంచి తీయాలి. ఇంటికి వచ్చాక చాలామంది డీహేజ్ మీట మీద చెయ్యి వేస్తారు. గాలిలోని తేమ, ధూళి చెదరగొట్టిన వెలుతురును అంచనా వేసి తీసేసే ఈ సాధనం, వేసవి మధ్యాహ్నపు మసకకు కొద్ది మోతాదులో పనికొస్తుంది. మంచు ఫొటోలో మాత్రం అది ఉన్న విషయాన్నే తీసేస్తుంది. దగ్గరి చెట్టు ముదురుగా, దాని వెనుకది లేతగా, ఆ వెనుకది నీలిమసకగా ఉండటం వల్లే చదునైన ఫొటోలో దూరం తెలుస్తుంది. డీహేజ్ గట్టిగా లాగితే మూడు చెట్లూ ఒకే గోడ మీద అతికించినట్టవుతాయి, ఆకాశం మచ్చలు పడుతుంది.

ఎడిటింగ్ లేకుండానే

ప్రపంచంలో అత్యధికులు చూసిన ఫొటోల్లో ఒకటిగా చెప్పే విండోస్ ఎక్స్‌పీ తెర చిత్రం ఈ చర్చకు పనికొచ్చే ఉదాహరణ. పచ్చటి కొండవాలు, నీలాకాశం, తెల్లమబ్బులు ఉన్న ఆ చిత్రాన్ని చార్ల్స్ ఓరియర్ 1996లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం సొనోమా ప్రాంతంలో తీశారు. కంప్యూటర్ మీద తయారుచేసిందని చాలామంది నమ్మారు. తాను దాన్ని డిజిటల్‌గా మార్చలేదని ఆయన చెబుతూ వచ్చారు. ఆ పచ్చదనం వెనుక మూడు కారణాలున్నాయి. ఆ ప్రాంతంలో ద్రాక్షతోటలను తెగులు దెబ్బతీయడంతో అక్కడ తీగలు తీసేసి ఉన్నాయి, వాలంతా గడ్డి పరుచుకుంది. అది శీతాకాలపు వానలు పడిన జనవరి. కెమెరాలో ఉన్నది ఫ్యూజీ వెల్వియా ఫిల్ము. 1990లో వచ్చిన ఆ ఫిల్ము పచ్చను, నీలాన్ని ఉన్నదానికంటే గాఢంగా చూపుతుందని ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు, దాన్ని కొన్నదే అందుకు. ఎడిటింగ్ ఇక్కడ లేకపోలేదు, ఫిల్ము డబ్బా కొన్న దుకాణంలో జరిగింది.

రంగు ముట్టకుండానే ఫొటో అర్థం మారిపోయిన సందర్భమూ ఉంది. 1936లో అమెరికా కరవు ప్రాంతాలను చిత్రించే ప్రభుత్వ పథకంలో పనిచేస్తున్న ఆర్థర్ రోత్‌స్టీన్, దక్షిణ డకోటాలో దొరికిన ఒక పశువు పుర్రెను కొద్ది దూరం జరిపి వేర్వేరు చోట్ల ఫొటోలు తీశారు. పగుళ్లిచ్చిన నేల మీద పుర్రె ఉన్న చిత్రం కరవుకు గుర్తుగా పత్రికల్లోకి వెళ్లింది. పుర్రెను జరిపారన్నది బయటపడ్డాక అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రత్యర్థులు కరవే కల్పన అన్నంత ప్రచారం చేశారు. నేల నిజంగానే ఎండి ఉంది, పుర్రె నిజమైనదే. అయినా పథకం మొత్తానికీ మచ్చ వచ్చింది. ఫిల్ము కడిగే చీకటిగదిలో వెలుగునీడలు సర్దినందుకు ఎవరూ ఆ కాలంలో అంతగా గొడవ చేయలేదన్నది గమనించాలి. జనం అభ్యంతరం ఛాయల మీద కంటే వస్తువుల మీదే ఎక్కువ. వార్తా సంస్థల నియమాలు ఇప్పటికీ దాదాపు ఆ గీతనే పాటిస్తున్నాయి: వెలుగు, రంగు మితంగా సరిదిద్దవచ్చు, ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం కుదరదు.

2020లో ఫొటోషాప్‌లోకి ఆకాశాన్ని ఒక్క నొక్కుతో మార్చే సదుపాయం వచ్చాక ఆ గీత దాటడం సులువైంది. నీళ్లున్న వరిచేను ఇక్కడ చిత్రమైన సాక్షి. పైన సంధ్యాకాశం అతికించినా మడిలోని నీళ్లలో పాత తెల్లమబ్బే మిగిలిపోతుంది. కొన్ని యాప్‌లు ప్రతిబింబాన్నీ మారుస్తున్నాయి గానీ, నీడలు పడిన దిక్కు మాత్రం పాతదే ఉంటుంది. కృత్రిమ మేధ గీసిన పొలాల్లో మరో లోపం కనిపిస్తుంటుంది: గట్లు ఎక్కడా మొదలవవు, ఎక్కడా కలవవు, నీరు ఏ మడి నుంచి ఏ మడికి పారుతుందో తెలియదు. ఫైలు పుట్టినప్పటి నుంచి జరిగిన మార్పులను దానిలోనే నమోదు చేసే ప్రమాణాన్ని సాంకేతిక, మీడియా సంస్థలు కలిసి 2021లో ఏర్పరచిన సీటూపీఏ (C2PA) కూటమి రూపొందించింది. కొన్ని కెమెరాలు దాన్ని అమలు చేస్తున్నాయి. సామాజిక మాధ్యమాల్లోకి ఎక్కించినప్పుడు ఆ నమోదు చెరిగిపోతే మాత్రం ప్రయోజనం సన్నగిల్లుతుంది.

రుజువుగా పొలం ఫొటో

అందం కోసం తీసిన ఫొటోకు ఇంత చర్చ అవసరమా అన్నది సహేతుకమైన ప్రశ్నే. కానీ పొలం ఫొటో ఇప్పుడు దస్తావేజుగా కూడా మారుతోంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద వడగళ్లు, ముంపు వంటి స్థానిక విపత్తుల్లో నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి, దానికి మొబైల్ యాప్ కూడా ఉంది. పంట కాలంలో నాలుగైదు సార్లు చేల ఫొటోలు సేకరించి కృత్రిమ మేధతో పంట స్థితిని విశ్లేషించే ‘క్రాపిక్’ ప్రయత్నాన్ని కేంద్ర వ్యవసాయ శాఖ 2025లో ముందుకు తెచ్చింది. ఇలాంటి వ్యవస్థలకు అందంతో పనిలేదు. లక్షల ఫోన్లు తలో పచ్చను పంపుతుంటే, ఆ తేడా పంటదా ఫోనుదా అని విడదీయడం వాటికి ఎదురయ్యే మొదటి సాంకేతిక సమస్య. తెలిసిన రంగులున్న కార్డును చేనులో పెట్టి తీయడం పరిశోధకులు వాడే పరిష్కారం, రైతు చేతిలో అది ఉండదు.

రైతు వైపు నుంచి చూస్తే జాగ్రత్తలు చిన్నవే. మునిగిన, ఒరిగిన చేను ఫొటోను ఫోన్లోని సొంత కెమెరాతో, లొకేషన్ ఆన్ చేసి, ఫిల్టర్లు లేకుండా తీయాలి. ఒకటి దూరం నుంచి, గట్టో కరెంటు స్తంభమో పక్క చేనో గుర్తుపట్టేలా, మరొకటి మొక్క దగ్గర నుంచి. కత్తిరింపులు, రంగు సవరణలు అసలు ఫైలు మీద కాకుండా దాని నకలు మీద చేసుకోవాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, చోటు వివరాలు ఫైలు నుంచి పోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. ఎవరికి ఏ రూపంలో పంపినా, అసలు ఫైలును పరిహారం లెక్క తేలేవరకు ఫోను నుంచి తొలగించకూడదు.